కందెన గొట్టం నుంచి గ్రీజు నిపుల్ దాకా



ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. చరిత్ర అనగానే రాజులు, కోటలు, ఉద్యమాలు గుర్తుకు వస్తాయి. వాటిని గూర్చి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను బస్సు డిపోలో మెకానిక్‌గా 32 ఏళ్ళు పనిచేసి 2008లో రిటైరైన వాడిని. నా చేతులకు తెలిసిన చరిత్ర వేరు. అందుచేత చిటికెన వేలి కొనంత ఉండే ఒక ఇనుప ముక్క చరిత్రను ఎంచుకున్నాను. దాని పేరు గ్రీజు నిపుల్. మా డిపోలో చాలామంది ‘నిప్పుల్’ అని పలికేవారు. పలుకుబడి ఏదైనా, అది విరిగినప్పుడు సకాలంలో మార్చకపోతే ఎంత పని చెడుతుందో డెల్టా పొలాల్లో ట్రాక్టర్ నడిపే వారికి బాగా తెలుసు.

మాది చుండూరు. తెనాలి దాటి నిడుబ్రోలు వైపు పోయే రైలు మార్గంలో ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ 4 వరకు గుంటూరు జిల్లాలో ఉండేది, ఆనాటి నుంచి బాపట్ల జిల్లాలో చేరింది. జిల్లా మారినా నేల మారలేదు. అదే నల్లరేగడి, అదే కాలవ నీరు, అదే బురద. బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయిన తరువాత ఈ ప్రాంతమంతా వరి మాగాణి అయింది. వరి మాగాణి అంటే దమ్ము. దమ్ము అంటే బురద. బురదలో తిరిగే ఇరుసును ఎలా కాపాడుకోవాలి అన్నదే నా కథ.

కందెన కాలం

1950లలో మా ఇంట రెండెడ్ల బండి ఉండేది. చక్రం చేసేది వడ్రంగి, దానికి ఇనుప పట్టా ఎక్కించేది కమ్మరి, కందెన పెట్టేది మాత్రం ఇంట్లో పిల్లలు, పాలేళ్ళు. ఆముదంలో వరిగడ్డి కాల్చిన మసి కలిపి చిక్కగా చేస్తే అదే కందెన. దానిని ఒక వెదురు గొట్టంలో పోసి, అందులో ఒక పుల్ల పెట్టి, బండి కింద వేలాడదీసేవారు. దూరప్రయాణానికి బయలుదేరే ముందు చీల తీసి, చక్రాన్ని కాస్త పక్కకు జరిపి, ఇరుసుకు కందెన పూసి, మళ్ళీ చక్రం నెట్టి చీల పెట్టేవారు. బట్టలకు అంటితే ఏ సబ్బుకూ వదిలేది కాదు. ఆ మరకకు అమ్మ చేతి దెబ్బలు తినని పిల్లవాడు మా ఈడు వారిలో లేడనే చెప్పాలి.

సుమతీ శతకకారుడు కూడా ఈ కందెనను వదలలేదు. కరణాన్ని మంచి చేసుకోకపోతే పని జరగదని చెప్పడానికి, కందెన లేకపోతే సాక్షాత్తు పరమేశ్వరుడి బండి అయినా కదలదన్న పోలిక తెచ్చాడు. ఆఫీసులలో పనిచేసిన మన మిత్రులకు ఆ పద్యంలోని మొదటి సగం బాగా తెలుసు. రెండవ సగం మా మెకానిక్‌లది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కందెన ఎండిపోతే బండి ఊరుకునేది కాదు. కిర్రుమని అరిచేది. ఆ అరుపు వీధి చివరి వరకు వినిపించేది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన, “ఏరా, బండికి కందెన పెట్టుకోలేరట్రా?” అని మందలించేవాడు. యజమానికి అది నామోషీగా ఉండేది. అంటే ఇరుసుకు నోరు ఉండేది, ఊరికి చెవులు ఉండేవి.

గ్రీజు కప్పులు వచ్చిన రోజులు

మా ఊరి స్టేషను మీదుగా పోయే బెజవాడ – మద్రాసు రైలు మార్గం 1899లో పూర్తయింది. పాతకాలపు గూడ్సు పెట్టెల చక్రాల పక్కన ఇనుప డబ్బాలు ఉండేవి. వాటిలో నూనె, నూనెలో తడిసిన నూలు పీచు ఉండేవి. పెద్ద స్టేషన్లలో రైలు ఆగగానే సిబ్బంది ఆ డబ్బాలను చేత్తో తాకి చూసేవారు. వేడెక్కితే ఇరుసు ఎండిందని అర్థం. ఆ పెట్టెను బండి నుంచి తప్పించేవారు.

తెనాలి చుట్టుపక్కల రైసు మిల్లులలో ఆయిల్ ఇంజన్లకు, పొడవాటి షాఫ్టులకు గ్రీజు కప్పులు ఉండేవి. ఇత్తడి మూతలో గ్రీజు నింపి, మర తిప్పి బిగిస్తే ఆ ఒత్తిడికి కొంత గ్రీజు లోపలికి దిగేది. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని రోజూ ఆ మూతలను కొంచెం కొంచెం తిప్పుతుండాలి. తొలినాటి మోటారు వాహనాలకు కూడా ఇవే కప్పులు. మరచిపోతే బుష్ అరిగిపోయేది. బాగా గుర్తున్నా, కప్పు మూతి ద్వారా దుమ్ము, నీరు చేరడం మామూలే.

చిన్న గోళీ చేసిన పెద్ద పని

ఈ కష్టానికి విరుగుడు అమెరికాలో దొరికింది. చికాగో నగరంలో డై కాస్టింగ్ పనిలో ఉన్న ఆర్థర్ గుల్బోర్గ్ అనే ఆయన 1910ల చివరలో ‘అలెమైట్’ పద్ధతిని తయారుచేశాడు. యంత్రానికి ఒక చిన్న ముక్కు బిగించి, దానికి గొట్టం తగిలించి, గన్‌తో గట్టి ఒత్తిడి మీద గ్రీజు పంపడం ఆ పద్ధతి. అయితే ప్రతి ముక్కుకూ గొట్టాన్ని మెలిపెట్టి తగిలించవలసి వచ్చేది. ఆస్ట్రియా నుంచి అమెరికా వెళ్ళిన ఆస్కార్ జర్క్ దానిని ఇంకా తేలిక చేశాడు. గన్ మూతిని ముక్కుకు ఆనించి నొక్కితే చాలు. ఆయన నమూనా 1920లలో మార్కెట్‌లోకి వచ్చింది, 1929లో పేటెంటు లభించింది. అందువల్లనే అమెరికాలో దీనిని నేటికీ ‘జర్క్’ అంటారు.

దాని లోపలి నిర్మాణం ఎంతో సులువు. మధ్యలో రంధ్రం, రంధ్రం మూతి వద్ద ఒక ఉక్కు గోళీ, గోళీ వెనుక ఒక సన్నని స్ప్రింగు. గన్‌తో కొట్టినప్పుడు గ్రీజు ఒత్తిడికి గోళీ వెనక్కు జరుగుతుంది, గ్రీజు లోపలికి పోతుంది. ఒత్తిడి ఆగగానే స్ప్రింగు గోళీని ముందుకు తోసి తలుపు మూస్తుంది. సైకిలు ట్యూబుకు గాలి కొట్టే వాల్వు వలెనే, లోపలికి దారి ఉన్నది, బయటకు లేదు. చక్రం విప్పకుండా, చీల తీయకుండా, క్షణంలో కందెన పెట్టే సాధనం ఇది. బయట నుంచి బురద పోకుండా కాపలా కూడా అదే.

గ్రీజు కూడా మారింది. సున్నపు సబ్బుతో చేసిన పాత గ్రీజు నీటికి ఆగేది గాని వేడికి కరిగిపోయేది. సోడా సబ్బుతో చేసినది వేడికి ఆగేది గాని నీటిలో కొట్టుకుపోయేది. 1942లో క్లారెన్స్ ఎర్ల్ లిథియం గ్రీజుకు అమెరికాలో పేటెంటు పొందాడు. అది రెండింటికీ తట్టుకున్నది. మన దేశంలోనూ వాహనాలకు క్రమంగా అదే వాడుకలోకి వచ్చింది.

డిపో గుంటలో నేర్చినది

నేను ఉద్యోగంలో చేరిన 1976 నాటి బస్సుకు కింద రెండు డజన్లకు పైగా నిపుల్స్ ఉండేవి. కమాన్ కట్టల పిన్నులకు, కింగ్ పిన్నులకు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకు, బ్రేకు షాఫ్టులకు అన్నింటికీ విడివిడిగా ఉండేవి. గుంటలోకి దిగి, తల పైకెత్తి, ఒక్కొక్కటి గుడ్డతో తుడిచి గ్రీజు కొట్టాలి. నెత్తిన మట్టి, కంట్లో దుమ్ము. డిపోలో అందరికంటె చిన్న పని అది. కొత్తగా చేరిన వారికి మొదట అప్పగించేది అదే.

అయితే ఆ చిన్న పనికి ఒక చార్టు ఉండేది. ఏ బస్సుకు ఏ తేదీన గ్రీజు కొట్టినది, ఏ నిపుల్ పట్టనిది, ఏది మార్చినది వ్రాసి సంతకం చేయాలి. మాకు పని నేర్పిన పెద్దమేస్త్రీ ఒక మాట చెప్పేవాడు: “గ్రీజు లోపలికి పోయిందని నువ్వు చెప్పొద్దురా అబ్బాయ్, పాత గ్రీజు బయటకు వచ్చి చెప్పాలి.” అంటే కొత్త గ్రీజు కొడుతుంటే నల్లని పాత గ్రీజు అంచుల నుంచి బయటకు రావాలి. రాకపోతే దారి మూసుకుపోయినట్టే. గన్ ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. ఆ మాట నా సర్వీసంతా పనికివచ్చింది.

ట్రాక్టర్, దమ్ము, విరిగిన నిపుల్

1951లో మన దేశం మొత్తం మీద ఉన్న ట్రాక్టర్లు సుమారు 8,500. 1971 నాటికి ఆ సంఖ్య లక్షన్నరకు దగ్గరగా వచ్చింది. ఐషర్ సంస్థ 1959లో ఫరీదాబాదులో తయారీ ప్రారంభించింది, టాఫే సంస్థ 1960లో మద్రాసులో ఏర్పడింది. మా డెల్టాలో ఎడ్ల జతలు క్రమంగా తగ్గి, దమ్ముకు కూడా ట్రాక్టరే దిక్కు అయింది. బాపట్లలో 1983లో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల వెలిసింది. బండి కింద వేలాడే కందెన గొట్టం మాత్రం పిల్లలు చూడని వస్తువు అయిపోయింది.

ట్రాక్టర్‌ను మెట్ట పొలంలో దున్నడానికి వాడితే ఒక తీరు, మాగాణి దమ్ముకు దించితే మరొక తీరు. వెనుక ఇనుప దమ్ము చక్రాలు బిగిస్తారు. ముందు చక్రాలు నడిమి వరకు బురదలో మునిగి తిరుగుతాయి. ముందు ఇరుసు మధ్య ఉండే సెంటర్ పిన్, రెండు చివరల కింగ్ పిన్నులు, వాటి బుష్‌లు రోజంతా నీటిలోనే ఉంటాయి. అందుకే ఎన్నో గంటలకొకసారి గ్రీజు కొట్టమని కంపెనీ పుస్తకంలో ఉన్నా, దమ్ము రోజులలో మాత్రం ప్రతిరోజూ కొట్టాలి. సాయంత్రం పని ముగిసిన వెంటనే కొడితే ఇంకా మంచిది. చేరిన బురద నీరు రాత్రంతా లోపల నిలవకుండా బయటకు వస్తుంది.

నిపుల్ చెడేది కూడా ఈ దమ్ములోనే. గట్టు ఎక్కి దిగేటప్పుడు రాయి తగిలి మెడ విరుగుతుంది. బురద ఎండి గోళీ బిగుసుకుపోతుంది. తుడవకుండా గన్ ఆనిస్తే ఆ మట్టే లోపలికి పోతుంది. స్ప్రింగు బలం పోయి గోళీ లోపలే ఉండిపోతే తలుపు తెరిచి పెట్టినట్టే.

2013 నాట్ల కాలంలో మా వైపు ట్రాక్టర్ అద్దెకు తిప్పుకునే కుర్రవాడొకడు నా వద్దకు వచ్చాడు. “బాబాయ్ గారూ, స్టీరింగు ఎంతకీ తిరగటం లేదు, ఒక్కసారి వచ్చి చూడండి” అన్నాడు. వెళ్ళి చూశాను. కుడివైపు కింగ్ పిన్ నిపుల్ మెడ దగ్గర విరిగి ఉన్నది. ఆ రంధ్రంలో ఎవరో కర్రముక్క దిగగొట్టారు. అంతకుముందు పంట నుంచీ అలాగే ఉన్నదట. పిన్ను, బుష్ తుప్పు పట్టి ఒక్కటైపోయాయి. పెద్ద సుత్తితో కొడితే గాని ఊడిరాలేదు. తెనాలి వెళ్ళి కొత్త పిన్ను, బుష్‌లు తెచ్చి బిగించేసరికి 3 రోజులు గడిచాయి. కాలవ వంతు నీరు పొలంలో నిలిచి ఉన్నది, నారు ముదురుతున్నది, నాట్లకు పిలిచిన ఆడకూలీలు వెనుదిరిగిపోయారు. పొలం రైతు వేరే ట్రాక్టర్ పిలుచుకున్నాడు. కుర్రవాడి చేతికి ఆ దమ్ముల కూలి రాలేదు, వాయిదా మాత్రం వచ్చింది. ఇంతకూ ఆ నిపుల్ ఖరీదు ఒక టీ ఖర్చుకు మించదు.

నిపుల్ మార్చే విధానం

ఇళ్ళలో ట్రాక్టర్ ఉన్నవారికి ఉపయోగపడుతుందని విధానం కూడా వ్రాస్తున్నాను.

ముందుగా నిపుల్ చుట్టూ డీజిల్ పోసి, బ్రష్‌తో రుద్ది శుభ్రం చేయాలి. విప్పాక శుభ్రం చేద్దామనుకుంటే మట్టి రంధ్రంలో పడుతుంది. గ్రీజు పట్టడం లేదని వెంటనే విప్పనవసరం లేదు. సన్నని మేకుతో గోళీని మెల్లగా నొక్కి చూడాలి. స్ప్రింగు తిరిగి తోస్తే బాగున్నట్టు. బిగుసుకుపోతే మార్చడమే మేలు. అది బాగుచేసే వస్తువు కాదు.

నిపుల్ మొదలు ఆరు పలకలుగా ఉంటుంది. సరిపోయే స్పానరుతోనే విప్పాలి. కటింగ్ ప్లేయరుతో పట్టుకుంటే పలకలు అరిగిపోతాయి. మెడ విరిగి మర ముక్క లోపల మిగిలితే, ముందు రంధ్రం లోపల కాస్త గ్రీజు ఉంచాలి. రజను ఆ గ్రీజుకు అంటుకుని లోపలికి పోదు. తరువాత మిగిలిన ముక్కలోకి ఎడమ మర ఉన్న ఈజీ అవుట్‌ను దించి మెల్లగా విప్పాలి. అది లేకపోతే చదరపు మొన ఉన్న పాత ఆకురాయిని తేలికగా తట్టి తిప్పినా సాధారణంగా వస్తుంది. వచ్చాక రజనంతా గ్రీజుతో సహా తుడిచివేయాలి.

కొత్తది కొనేటప్పుడు పాతది జేబులో వేసుకుని వెళ్ళాలి. 6, 8, 10 మిల్లీమీటర్ల మరలు ఉన్నాయి, అంగుళాల మరలూ ఉన్నాయి. నిటారువి, వంపువి కూడా ఉన్నాయి. గన్ మూతి ఆనడానికి ఏది వీలో చూసుకోవాలి. చేత్తోనే మర పట్టించి, ఆ తరువాత స్పానరుతో ఒక మోస్తరుగా బిగించాలి. బలమంతా చూపితే మళ్ళీ మెడ విరుగుతుంది. ఆఖరున ముందు ఇరుసు కింద జాకీ పెట్టి, చక్రం నేలకు తగలకుండా లేపి గ్రీజు కొట్టాలి. బరువు మీద ఉన్నప్పుడు ఒత్తుకుపోయిన చోటికి గ్రీజు చేరదు. పాత గ్రీజు బయటకు వచ్చేవరకు కొట్టి, స్టీరింగును అటూ ఇటూ తిప్పి, మళ్ళీ కొట్టాలి.

అమెరికాలోనూ అదే ముక్క

మన సభ్యులలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడికి వెళ్ళివచ్చిన వారు ఇంటి ముందు పచ్చిక కోసే చిన్న ట్రాక్టర్లు చూసే ఉంటారు. టెక్సాస్‌లో ఉంటున్న మా మనవడు మొన్న వేసవిలో వీడియో ఫోను చేసి, “తాతయ్యా, ముందు చక్రం దగ్గర జర్క్ విరిగిపోయింది” అన్నాడు. సిమెంటు గట్టుకు తగిలిందట. ఫోనులో చూపించాడు. చూడగానే నవ్వు వచ్చింది. చుండూరు దమ్ములో విరిగేదీ, అక్కడ పచ్చికలో విరిగేదీ ఒకే ముక్క! బురద బదులు కోసిన గడ్డి చెత్త, గట్టు రాయి బదులు సిమెంటు.

అయితే అక్కడి చిన్న ట్రాక్టర్లకు తరచు పావు అంగుళం మర, అంగుళానికి 28 చుట్లది ఉంటుంది. మన 6 మిల్లీమీటర్లది అందులో రెండు మూడు చుట్లు తిరిగి కూర్చున్నట్టే కనిపిస్తుంది గాని, గ్రీజు ఒత్తిడికి ఊడివస్తుంది. పాత ముక్కను పట్టుకుని దుకాణానికి వెళ్ళమని చెప్పాను. ఒక గంటలో పని పూర్తిచేసి, పాత గ్రీజు బయటకు వచ్చిన ఫోటో పంపాడు. పెద్దమేస్త్రీ మాట సముద్రం దాటినందుకు సంతోషించాను.

ఇప్పుడు కావలసినది

కొత్త కార్లలో చాలా కీళ్ళకు నిపుల్స్ లేవు. ఫ్యాక్టరీలోనే గ్రీజు నింపి మూసివేస్తున్నారు. ట్రాక్టర్లకు, ట్రక్కులకు మాత్రం అవి ఉన్నాయి. గ్రీజు కొట్టే మనిషే కరువవుతున్నాడు. దీనికి కుర్రవాళ్ళ బద్ధకం ఒక్కటే కారణమని నేను అనుకోను. వెనుక బండి, ఎడ్లు, పొలం ఒకే ఇంటివి. ఇప్పుడు ట్రాక్టర్ ఒకరిది, నడిపేవాడు మరొకడు, పొలం ఇంకొకరిది. రైతుకు తొందర, డ్రైవరుకు ఎకరాల లెక్క, యజమానికి వాయిదా. నిపుల్ ఎవరిదీ కాదు. పైగా ఎండిన ఇరుసు అరుపు ఇంజను మోతలో వినపడదు. ఆ నోరు మూసుకుపోయింది కాబట్టి, దాని బదులు మనమే అడగాలి.

ఇది డబ్బు నష్టంతో పోయేది కూడా కాదు. దమ్ము ముగిశాక అదే ట్రాక్టర్‌కు ట్రక్కు తగిలించి రోడ్డెక్కిస్తారు. ఆ ట్రక్కులో మనుషులను ఎక్కించరాదని నిబంధన ఉన్నా, కూలీలు ఎక్కుతూనే ఉన్నారు. బిగుసుకుపోయిన కింగ్ పిన్‌తో, కాలవ కట్ట మీద, చీకటిలో మలుపు తిప్పవలసి వస్తే ఏమవుతుందో మెకానిక్ పనిచేసిన వారికి వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత సంఘానికి నా మనవి ఒకటి. ఏటా కాలవలకు నీరు వదలడానికి ముందు, ఒక ఆదివారం పూట, వర్కుషాపు అనుభవం ఉన్న సభ్యులు తమ తమ ఊళ్ళలో ట్రాక్టర్లు నడిపే కుర్రవాళ్ళను ఒకచోట పిలిస్తే బాగుంటుంది. నాలుగు రకాల నిపుల్స్, ఒక గన్, రెండు స్పానర్లు చాలు. విరిగినది తీయడం, కొత్తది బిగించడం చూపిద్దాం. మన డిపో చార్టు వంటిది ఒక పుస్తకం ప్రతి ట్రాక్టర్ టూల్ బాక్సులో ఉంచి, గ్రీజు కొట్టిన తేదీ వ్రాయడం అలవాటు చేద్దాం. సంతకం పెట్టిన చోట బాధ్యత ఉంటుందని మనకంటె బాగా ఎవరికి తెలుసు?

మా ఊళ్ళో రాబోయే జూన్‌లో నేను మొదలుపెడుతున్నాను. చుట్టుపక్కల మోదుకూరు, వలివేరు, ఎడ్లపల్లి గ్రామాల మిత్రులు కూడా కలసిరావలసినదిగా కోరుతున్నాను. గన్, గ్రీజు నేను తెస్తాను. పాత గుడ్డలు మాత్రం ఎవరివి వారు తెచ్చుకోవాలి.